సీతాఫలాల పికప్‌కి చెక్క ర్యాక్: ఒక కేసు పూర్తిగా

నేను పాలమూరు వైపు వడ్రంగం చేస్తాను. తలుపులు, దర్వాజలు ఎక్కువ. ట్రాలీలకు, పికప్‌లకు చెక్క పని కూడా అప్పుడప్పుడూ వస్తుంది. ఈ ర్యాక్ గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. సీతాఫలాలు తోలే ఒక పికప్ ఆయన వచ్చి అడిగినట్టు కట్టిస్తే నాకు ఒక పూటలో పైసలొచ్చేవి గానీ ఆయన కాయ మాత్రం అట్లాగే పాడైపోయేది. పేరు, ఊరు, బండి నంబరు రాయడం లేదు. కొలతలు మాత్రం ఉన్నవే.

ఆయనకు సొంత పికప్ ఉంది, 1.7 టన్నులు మోసే రకం. లోపల దాదాపు 9 అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు. పక్క డోర్లు కిందికి దిగుతాయి, ఈ సంగతి తర్వాత పనికొచ్చింది. ఏడాదంతా పల్లీ బస్తాలు, సిమెంటు, ఎవరు పిలిస్తే వాళ్ల సామాను వేస్తాడు. వానలు తగ్గి సీతాఫలం మొదలైతే మాత్రం దీపావళి దాటేదాకా వేరే కిరాయి ముట్టడు. బాలానగర్ రకం అని దేశమంతా పిలిచే సీతాఫలం మా దగ్గరిదే. గుట్టల మీద, పొలం గట్ల మీద కాసిన కాయను తండాల ఆడవాళ్లు పొద్దున్నే తెంపి గంపల్లో తెస్తారు. ఈయన సాయంత్రానికి పోగు చేసి, మట్టిరోడ్ల మీద జడ్చర్ల దాకా వచ్చి, అక్కడ 44వ నంబరు హైవే ఎక్కి రాత్రికి రాత్రి హైదరాబాద్ చేరుస్తాడు. పెద్ద లోడైతే నగర శివారులోని బాటసింగారం పండ్ల మార్కెట్, చిన్నదైతే నగరంలో తెలిసిన దుకాణాలు.

సీతాఫలంతో చిక్కేమిటంటే టైము. కండ్లు విచ్చి మధ్యలో పసుపు కనబడ్డాక తెంపితే రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. ఐస్ పెట్టి ఆపుదామంటే కుదరదు, బాగా చల్లబడితే తొక్క నల్లబడిపోతుంది. కాబట్టి ఈ కాయను తొందరగా, దెబ్బ తగలకుండా, గాలి ఆడేలా తీసుకుపోవడం తప్ప వేరే దారి లేదు.

అడిగింది

"అన్నా, డోర్ల మీద చెక్కలు పెట్టి రెండడుగులు ఎత్తు పెంచియ్యి. గంపలు ఇంకో వరస వడ్తయి. అడుగు కాయ ఎట్లయినా నల్లగైతుంది, సగం రేటే ఇస్తుండ్రు, ఎక్కువ కాయ కొట్టుకపోతేనే గిడ్తది" అన్నాడు.

పాడైన కాయ నష్టాన్ని ఇంకా ఎక్కువ కాయతో పూడ్చాలన్నది ఆయన లెక్క. వరస పెంచితే అడుగు వరస మీద బరువు పెరుగుతుంది, నష్టమూ దాంతో పాటే పెరుగుతుంది. ఆ మాట నోటితో చెబితే వినడని తెలుసు కాబట్టి, కొలతలు తీసుకోకుండా ఒక పని అడిగాను. తర్వాతి లోడ్‌లో మార్కెట్‌వాళ్లు పక్కకు తీసేసిన కాయను పారెయ్యకుండా వెనక్కి తెమ్మన్నాను. ఏ కాయ బండిలో ఎక్కడి గంపలోదో గుర్తు పెట్టమన్నాను, ముందు వరస గంపకు ఎర్రగుడ్డ, వెనక వరసకు తెల్లగుడ్డ. మొదట నవ్వాడు గానీ తెచ్చాడు.

ఆ కాయ చూస్తే సంగతి అర్థమైంది. పాడైన కాయ రెండు రకాలుగా ఉంది. అడుగు గంపల కాయ ఒకపక్క చప్పిడిగా అణిగి, కన్నుకు కన్నుకు మధ్య పగిలి, గుజ్జు బయటికి వచ్చి ఉంది. అది బరువు పని. వెనక వరసలో పై గంపల కాయ మాత్రం ఎక్కడా పగల్లేదు, గుండ్రంగా అట్లాగే ఉంది, కానీ ప్రతి కన్ను కొస మీద నల్లటి చుక్క. వేలితో రుద్దితే ఆ కొస పొడిగా, బెరడులా తగులుతుంది. దాని మీద బరువే లేదు, అన్నిటికన్నా పైన ఉన్న గంప అది. అంటే ఆ కాయలు దారిపొడుగునా ఎగిరి ఒకదానికొకటి రాసుకున్నాయి. ర్యాక్ కడితే మొదటిది పోతుంది, రెండోది పోతుందో లేదో నాకు అప్పటికి ఖాయంగా తెలియదు. రెండూ వేర్వేరు జబ్బులని మాత్రం ముందే ఆయనకు చెప్పాను.

గంపా, క్రేటా

ర్యాక్‌కి ముందు ఇంకో ప్రశ్న తేలాలి. ప్లాస్టిక్ క్రేట్లు అంచు మీద అంచు కూర్చునేలా చేసినవే, బరువు కాయ మీద పడదు, మరి ర్యాక్ ఎందుకు? నిజమే, అంచుకు తక్కువగా నింపితే. కానీ ఇక్కడ కొనేది గంప లెక్కన, క్రేటు లెక్కన. లెక్క అట్లా ఉన్నప్పుడు కొనేవాడు తలకట్టి, అంటే అంచు దాటి కుప్పగా, నింపమంటాడు, అమ్మేవాళ్లు కూడా అదే ధర్మం అనుకుంటారు. తలకట్టి నింపిన క్రేటు మీద ఇంకోటి పెడితే అది కాయ మీదే కూర్చుంటుంది. పైగా ఈయన దగ్గరున్నవి పాత క్రేట్లు, గోడలు బయటికి ఉబ్బినవి. మనుషుల అలవాటు మార్చడం కంటే చెక్క కోయడం తేలికని నా అనుభవం. అందుకే క్రేటు ఎట్లా నింపినా పైదాని బరువు దాని మీద పడకుండా, ప్రతి వరసకూ తన అర తనకుండే ర్యాక్ అని నిర్ణయించుకున్నాం.

గంపలు మాత్రం ర్యాక్‌లోకి పనికిరావు. గుండ్రంగా ఉంటాయి, మధ్యలో జాగా వృథా, పైగా అడుగు సన్నం. అయితే తండాల్లో క్రేట్లు పంచి "ఇందులోనే తెంపండి" అంటే ఆడవాళ్లు ఒప్పుకోలేదు. క్రేటు అంచు నెత్తికి గుచ్చుకుంటుంది, గుట్ట దిగేటప్పుడు రెండు చేతులూ అడ్డం. వాళ్లు చెప్పింది సబబే. కాబట్టి తెంపేది గంపలోనే, బండి దగ్గర ఒక్కసారి మాత్రం క్రేటులోకి మార్చాలి, అదీ గంప బోర్లించకుండా చేత్తో. అడుగున సీతాఫలం ఆకే పరుస్తారు. వరిగడ్డి వద్దన్నాను, గరుకుగా ఉండి గీరుతుంది.

ఇనుమా, చెక్కా

నేను వడ్రంగిని కాబట్టి చెక్క అన్నానని అనుకోకండి. చదరపు పైపుతో కడితే బరువు తగ్గేది, అది ఒప్పుకోవాలి. కానీ కాయ రసం, తడి తగిలి లోపలి నుంచి తుప్పు పడుతుంది, మట్టిరోడ్డు మీద అతుకుల దగ్గర వెల్డింగ్ పగులుతుంది, పైపు మీద క్రేటు గలగలమంటూ ఊగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, తండాలో ఒక పట్టీ విరిగితే దగ్గర్లో వెల్డింగ్ దొరకదు, చెక్క ముక్క దొరుకుతుంది. సీజన్ అయ్యాక విప్పి పెట్టుకోవాలన్నది కూడా ఆయన షరతు.

ముందు పోయినవి

మంచి కర్ర కోసే ముందు నమూనా కట్టాను. సర్వి బాదులు కాళ్లుగా, వాటికి అడ్డంగా బాదులే తాళ్లతో కట్టి, మీద 12 ఎంఎం ప్లైవుడ్ పలకలు. నునుపుగా ఉంటుంది, క్రేటు సులువుగా జరుగుతుంది, నా షాపులో మిగులు పలకలు ఉన్నాయి, చూద్దాం అనుకున్నాం.

రెండు చోట్ల తన్నింది. ఒకటి, వేడి. తెంపిన కాయ కూడా ఊపిరి తీసుకుంటుంది, వేడి వదులుతుంది, చెమ్మ వదులుతుంది. పైన టార్పాలిన్, మధ్యలో గాలి దూరని పలకలు. పొద్దున దించేసరికి పలక అడుగున చెమట పట్టినట్టు నీటి చుక్కలు, మధ్య అరలో కాయ మిగతా వాటికంటే ముందే మెత్తబడటం మొదలు. ఆ అరలో చెయ్యి పెడితే తేడా తెలిసిపోయింది.

రెండోది, వంగడం. నాలుగు కాళ్లు, మీద పలకలు ఉన్న చట్రం నిలువు బరువు ఎంతైనా మోస్తుంది. బ్రేక్ కొట్టినప్పుడు ముందుకు తోసే బరువుకు మాత్రం ముందుకు ఒరుగుతుంది. హైవే మీద ఒక గట్టి బ్రేక్‌కి నమూనా మొత్తం క్యాబిన్ వైపు వాలింది. మందం కర్ర వాడితే ఆగుతుందని ఆయన అన్నాడు. ఆగదు. దీనికి కావలసింది ఐమూల పట్టీ, అంటే ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా వేసే పట్టీ.

ఐమూల పట్టీ ఎక్కడ వెయ్యాలన్నదే ఈ మొత్తం పనిలో నేను ఎక్కువ ఆలోచించిన విషయం. ముందుకు ఒరగకుండా ఉండాలంటే పట్టీ బండి పొడవు వెంబడి ఉండాలి, అంటే పక్కల. కానీ క్రేట్లు ఎక్కించేదీ దించేదీ పక్కల నుంచే. వెనక నుంచి ఎక్కిస్తే ముందు వరస క్రేటు తీయాలంటే మొత్తం దించాలి, రెండు మూడు దుకాణాలకు ఇచ్చేవాడికి అది నరకం. పక్క మూసేస్తే ర్యాక్ ఉండీ లాభం లేదు.

కట్టింది

అందుకని పట్టీని మధ్యలో వేశాను. బండి నడుమ, పొడవునా ఇంకో కాళ్ల వరస నిలబెట్టి, ఆ మధ్య చట్రానికే గుణకారం గుర్తులా రెండేసి ఐమూల పట్టీలు కొట్టాను. ఇప్పుడు ర్యాక్ ఎడమ సగం, కుడి సగం అయింది. ఎడమ క్రేట్లు ఎడమ డోరు దించి, కుడివి కుడి డోరు దించి. పక్కకు ఊగకుండా క్యాబిన్ వెనక ముఖానికి ఒక ఐమూల జత, వెనక డాలా (బండి వెనక తలుపు) వైపు ఇంకోటి.

ఇట్లా చేస్తే ఇంకో లాభం కలిసొచ్చింది. మధ్యలో కాళ్లు వచ్చాయి కాబట్టి అడ్డపట్టీ అయిదున్నర అడుగులు ఒంటరిగా మోయక్కర్లేదు, సగం దూరమే. మొదట 3 అంగుళాల పట్టీ అనుకున్నది రెండున్నరకు తగ్గించాను. పట్టీని ఎప్పుడూ నిలబెట్టి వెయ్యాలి, పడుకోబెట్టి కాదు. 3 అంగుళాలు, 2 అంగుళాల కర్రను నిలబెడితే వంగకుండా ఆపే బలం పడుకోబెట్టిన దానికంటే రెండింతల పైనే. అదే కర్ర, అదే ధర.

క్రేటు కొలిస్తే 21 అంగుళాల పొడవు, 14 వెడల్పు, 12 ఎత్తు. అడ్డంగా మూడు వరసల కాళ్లు 6 అంగుళాలు తింటాయి, మిగిలే 60లో 14 చొప్పున నాలుగు క్రేట్లు, పక్కకు రెండేసి. పొడవున అయిదు వరసలు పడతాయని ఆయన పట్టుబట్టాడు. పడతాయి, కానీ పక్క కాళ్ల వెనక ఒక క్రేటు ఇరుక్కుంటుంది, చెయ్యి పోదు. నాలుగు వరసలే పెట్టాను. ఒక్కో ఖానాలో (కాళ్ల మధ్య గదిలో) రెండు వరసలు, రెండు ఖానాలు, మొత్తం ర్యాక్ పొడవు 8 అడుగుల 3 అంగుళాలు. మూడు అరలు, 48 క్రేట్లు. నాలుగో అర అడిగాడు. వద్దన్నాను, బరువు పైకి పోయేకొద్దీ మలుపులో బండి ఒరుగుతుంది. క్యాబిన్ ఎత్తు దాటించలేదు.

కాళ్లకూ దూలాలకూ నల్లతుమ్మ. చెరువు కట్టల మీద పెరిగినది, పెద్దలు ఎడ్లబండి చక్రాలకు వాడిన కర్ర, దెబ్బకు చీలదు. కానీ కోసి ఆరినదే తీసుకోవాలి, పచ్చిది నెల తిరక్కుండా మెలిక తిరుగుతుంది. టేకు ఇంకా తేలిక, మెలిక భయమూ లేదు, కానీ ధర చూస్తే ర్యాక్ కాదు, ఇంటి తలుపే కట్టించుకోవచ్చు. నీలగిరి చవక, అయితే బోల్టు రంధ్రం దగ్గర చీలుతుంది.

అరల మీద ప్లైవుడ్ బదులు రీపర్లు, అంటే సన్నటి చెక్క పట్టీలు, మధ్యలో అంగుళంన్నర సందు. వీటికి తేలిక కర్ర కావాలి. కంపెనీల నుంచి బయటికొచ్చే ప్యాలెట్ల పైన్ చెక్క వాడాను. ప్యాలెట్ కొనేవాళ్లు దాని మీది ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో పురుగు చంపినది, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినది. తినే వస్తువు కింద ఎంబీ వద్దు. ముద్ర ఏదైనా సరే, మరకలున్న చెక్క, మందు వాసన కొట్టే చెక్క కూడా వద్దు. రీపర్లకు రంగు వెయ్యలేదు, పొట్టు రాలి కాయలో పడుతుంది. అవిసె నూనె రెండు పూతలు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూస్తే చెద పట్టదని మా దగ్గర అందరూ అంటారు, పశువుల కొట్టం వాసాలకు బాగుంటుందేమో గానీ పండ్ల కింద ఆ వాసన ఎవరు భరిస్తారు?

అతుకులన్నీ రంధ్రం కొట్టి కొస దూర్చి, అడ్డంగా 10 ఎంఎం బోల్టు. మేకులు ఒక్కటీ లేవు, బండి అదురుకు మేకు మెల్లగా బయటికొస్తుంది, వచ్చిన మేకు కాయలోకే పోతుంది. బోల్టుకు రెండు వైపులా వెడల్పు వాషర్, నట్టు నైలాన్ రింగు ఉన్నది.

బండి బాడీకి ఒక్క రంధ్రం కూడా కొట్టలేదు. కొడితే అక్కడ నీళ్లు దిగి తుప్పు పడుతుంది, అది ఒక కారణం. ఇంకోటి, ఆర్‌సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. అందుకే ఇది బాడీలో భాగం కాదు, లోపల పెట్టి బిగించిన సామాను మాత్రమే. కింద పాత టైరు ముక్కలు, చుట్టూ బాడీకి ఆనేలా చెక్క చీలికలు, పైన తాళ్ల కొక్కేలకు బెల్టులు. సరుకు బాడీ దాటి పక్కకో వెనక్కో పొడుచుకొస్తే జరిమానా 20,000, ఓవర్‌లోడ్‌కైతే 20,000తో మొదలై అదనపు ప్రతి టన్నుకూ మళ్లీ 2,000. ర్యాక్ బరువు రెండు వందల కిలోల పైన ఉంది, అది కూడా లోడ్ లెక్కలోకే వస్తుందని ఆయనకు గుర్తు చేశాను. క్రేట్లతో కలిపినా 1.7 టన్నులకు లోపే, కాబట్టి ఇబ్బంది లేదు.

మిగిలిన జబ్బు

అణిగిన కాయ పోయింది. నల్ల చుక్కల కాయ తగ్గింది గానీ పోలేదు, అదీ వెనక ఖానాలోనే. ఇక చెక్కతో చేసేదేం లేదనిపించి బండి కింద చూశాను. 1.7 టన్నులకు వేసిన కమాన్లు (బరువుకు వంగే ఇనుప పట్టీల కట్టలు), మీద ఉన్నది అంతకు తక్కువ. అంత బరువుకు ఆ కమాన్లు సరిగా వంగవు, గుంత వస్తే బండి వెనక భాగం ఎగిరి పడుతుంది. వెనక ఇరుసు దాటి వేలాడే భాగం అన్నిటికంటే ఎక్కువ ఎగురుతుంది. దానికి తోడు ఆయన టైర్లలో ఎప్పుడూ ఫుల్ లోడ్‌కి కొట్టించే గాలే కొట్టిస్తాడు, సిమెంటు వేసినా కాయ వేసినా ఒకటే. బండితో ఇచ్చే పుస్తకంలో ఫుల్ లోడ్‌కి ఒక గాలి, తక్కువ లోడ్‌కి ఒక గాలి వేర్వేరుగా ఉంటాయి. కాయ సీజన్‌లో లోడ్‌కి తగినట్టు పుస్తకంలో ఉన్నంతే కొట్టించమన్నాను. అంతకు తగ్గించవద్దని కూడా గట్టిగా చెప్పాను, హైవే మీద మెత్తటి టైరు వేడెక్కి పేలుతుంది.

ర్యాక్‌ని క్యాబిన్‌కి ఆనించి, మిగిలిన 9 అంగుళాలు డాలా వైపు వదిలాం. వెనక ఖానా రీపర్ల మీద పాత ట్యూబు పట్టీలు పరిచాను. అన్నిటికంటే వెనక వరసలో కన్ను ఇంకా పూర్తిగా విచ్చని గట్టి కాయ, ముందు ఖానాలో రేపే అమ్ముడుపోయే పండు. క్రేటు సగం ఖాళీగా ఉంటే లోపల కాయ దొర్లుతుంది కాబట్టి ఖాళీని ఆకుతోనో పేపరుతోనో నింపాలి. ఇవన్నీ ఒకేసారి చేశాం, అందుకని ఏది ఎంత పని చేసిందని విడదీసి చెప్పలేను. నా అంచనా టైర్ల గాలికే ఎక్కువ మార్కులు. తర్వాత పక్కకు తీసేసిన కాయ క్రేటుకు ఒక చేతి వేళ్లతో లెక్కపెట్టేంతకు దిగింది. "బండి నిండ లేకున్న పైసలు ఎక్కువ వస్తున్నయి మేస్త్రీ" అన్నాడు.

ఇది విని నల్గొండ వైపు బత్తాయి వేసే ఒకాయన అదే ర్యాక్ కావాలని వచ్చాడు. వద్దని చెప్పాను. బత్తాయి తొక్క గట్టిది, అక్కడ టన్నుల లెక్కన లూజుగా పోసుకుపోతారు, ర్యాక్ పెడితే ఎక్కే సరుకు తగ్గి కిరాయి గిట్టదు. ఆయనకు డోర్ల ఎత్తు పెంచి, గాలి ఆడేలా సందులతో చెక్కలు వేసిచ్చాను. మామిడికి అడిగితే మళ్లీ చూడాలి, దానికి తొడిమ దగ్గర కారే సొన గొడవ వేరు.

వాడకం గురించి ఆయనకు చెప్పినవి: కొత్త ర్యాక్ బోల్టులు మొదటి లోడ్ కాగానే బిగించాలి, ఆ తర్వాత వారానికోసారి చేత్తో తడిమితే చాలు. రీపర్లు రసం పట్టి జిగటగా అయితే నీళ్లతో కడిగి ఎండలో కాదు, నీడలో ఆరబెట్టాలి. విప్పేటప్పుడు ముక్కలు కలిసిపోకుండా ప్రతి కాలుకూ దూలానికీ ఉలితో గీతలు కొట్టి ఇచ్చాను, ఒక గీత ఒక గీతతో, రెండు రెండింటితో కలుస్తాయి. ఈ సీజన్‌లో ఒక రీపరు విరిగితే తండాలోనే ఎవరో వేపకర్ర చెక్కి వేశారట. కొంచెం వంకరగా ఉంది గానీ నేను మార్చలేదు.